ఉలకని పలకని ఫెర్రస్ క్లోరైడ్ గారికి

ఇనుము, క్లోరిన్ కలిసిన లవణమైన శ్రీ ఫెర్రస్ క్లోరైడ్ గారికి నమస్కరించి వ్రాయునది.

నేనిక్కడ క్షేమంగా లేను. మీరు మాత్రం మైనస్ 269 డిగ్రీల చలిలో, ద్రవ హీలియం ఖర్చుతో, హాయిగా ఉన్నారని తెలుసు.

మిమ్మల్ని అక్కడ కూర్చోబెట్టడానికి నేను పడ్డ పాట్లు మీకేం తెలుస్తాయి? అభ్రకంలా పొరలు పొరలుగా లేచిపోయే పల్చటి పలుకు మీరు. గాలిలో తేమ తగిలితే చాలు, రంగు మారి ఆకుపచ్చకు తిరుగుతారు. అందుకని బయటి గాలీ తేమా చొరబడని గ్లవ్ బాక్సులో మోచేతుల దాకా రబ్బరు తొడుగుల్లో చేతులు దూర్చి, చెమట తుడుచుకునే వీలు కూడా లేకుండా, ట్వీజర్స్‌తో పట్టుకున్నాను. రెండుసార్లు చీలిపోయారు. మూడోసారి దయతలచారు.

మీ అయస్కాంతత్వం ఎంత పెరుగుతుందో చూద్దామని అయస్కాంత క్షేత్రం 0.2 టెస్లా (క్షేత్రం బలానికి కొలత అది) ఇచ్చాను. కుక్కిన పేనులా పడున్నారు. 0.5 ఇచ్చాను. అదే తంతు. 0.9 అంటే మన కాళ్ల కింది భూమి క్షేత్రానికి ఇరవై వేల రెట్లు. అయినా మర్యాదకైనా గట్టిగా కదల్లేదు. ఇక లాభం లేదని టీకి వెళ్లాను. వచ్చేసరికి 1.1 దాటింది, మీ గ్రాఫు గబగబా పైకెక్కుతోంది.

మీది బద్ధకం అనుకున్నా. కాదు, ఇంటి తగాదా. మీలోని ఒక్కో ఇనుము అయాను (విద్యుదావేశమున్న పరమాణువు) ఒక బుల్లి అయస్కాంతం. ఒక పొరలోని అయాన్లన్నీ ఒకే మాట మీద ఉంటాయి. ఈ పొర పైకి చూస్తే పక్క పొర కిందికి చూస్తుంది. కూడితే సున్నా. భౌతిక శాస్త్రవేత్త లాండౌ 1933లోనే ఇలాగే ఉంటుందని ఊహించాడు, 1959లో న్యూట్రాన్లు పంపి చూస్తే నిజమేనని తేలింది. పైగా పొర లోపలి కట్టు గట్టిది, పొరల మధ్య వైరం ఉత్త పైపైది. 1.1 టెస్లాకే తెగిపోయే వైరానికి ఇంత బింకమా?

మాంగనీస్ ఫ్లోరైడ్ గారు మీకన్నా నయం. తొమ్మిది టెస్లాలు దాటాక ఆయన అడ్డం తిరుగుతారు. తిట్టడం లేదండీ, ఆయన స్పిన్‌లు, అంటే ఆయనలోని బుల్లి అయస్కాంతాలు, నిజంగానే క్షేత్రానికి అడ్డంగా తిరిగి, అక్కణ్ణుంచి మెల్లగా వంగుతాయి. మీకైతే పైకి, లేదంటే కిందికి. మధ్యలో వాలడం మీ వంశంలోనే లేదు.

పోనీ అందరూ ఒకేసారి తిరిగారా? పాఠాల్లో నిటారు గోడ గీస్తారు, నా గ్రాఫులో వచ్చింది ఏటవాలు. పల్చటి పలక కదా, ముందు తిరిగినవాళ్లు తమ క్షేత్రంతో నేనిచ్చినదాన్నే కొంత తగ్గించేస్తారు, వెనకవాళ్లు ఆగిపోతారు. ముందు పార్టీ మారినవాళ్లు తలుపేసుకోవడం మాకు కొత్తేం కాదు గానీ, మీ దగ్గర ఊహించలేదు.

మొన్న హీలియం ఆదా చేద్దామని 22 కెల్విన్‌లో, అంటే మైనస్ 251 డిగ్రీల దగ్గర, కొలిచాను. గ్రాఫులో ఆ గెంతే లేదు, నున్నగా జారిపోయారు. 21 దాటితే అంతేనట. 24 దాటితే అసలు తగాదాయే ఉండదు. పౌరుషమంతా చలిలోనేనన్నమాట.

ఇక అసలు సంగతి. రేపు మా గైడ్ గారు చూడటానికి వస్తున్నారు. ఒక్క దగ్గర కూర్చునే మనిషి కాదు, 1.05 టెస్లా దాకా చూసి "ఏమీ లేదుగా" అని లేచిపోయే రకం. కాస్త ముందుగా కదలమని మిమ్మల్ని అడగను, మీ చేతిలో లేదు. ఆయన్ని బిస్కెట్లతో ఇంకాసేపు ఆపుతాను. మీరు మాత్రం ఈ రాత్రికి చీలిపోకండి.

ఇట్లు,
మీ ఎదుట మూడు రాత్రులుగా జాగారం చేస్తున్న పరిశోధక విద్యార్థి