ఎత్తుకోనివ్వని కోలా సెంటర్‌కి వెళ్లడం దండగా?

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఉన్న పిల్లల దగ్గరికి ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల ఫోన్లలో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. "డైసీ హిల్ కోలా సెంటర్‌కి వెళ్లి టైమ్ వేస్ట్ చేసుకోకండి. కోలాను ఎత్తుకోనివ్వరు. ఫ్రీ అంటేనే అర్థం చేసుకోండి. ఉన్న నాలుగూ యూకలిప్టస్ మత్తులో పడి నిద్రపోతుంటాయి. ఈ ఎలుగుబంటి జాతి జంతువు జన్మలో నీళ్లు తాగదు. 2019 మంటల్లో అడవిలో ఉన్నవి తుడిచిపెట్టుకుపోయాయి, ఇక జూలో చూడాల్సిందే. మన ఖమ్మం జామాయిల్ తోటల్లో తెచ్చి వదిలినా ఈపాటికి పెరిగేవి." చివర ఒక దండం, మూడు గులాబీలు.

ఇందులో పూర్తిగా నిజమైన మాట ఒక్కటే. డైసీ హిల్‌లో కోలాను ఎత్తుకోనివ్వరు. కానీ ఆ సెంటర్‌కి వెళ్లాలని చెప్పడానికి నేనైతే మొదట చెప్పే కారణం అదే.

న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా రాష్ట్రాల్లో సందర్శకులు కోలాను ఎత్తుకోవడం కుదరనే కుదరదు. బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్‌లో చట్టం ఒప్పుకుంటుంది. అయినా 1927 నుంచి నడుస్తున్న లోన్ పైన్ కోలా శాంక్చురీ 2024 జూలైలో ఆ పద్ధతి మానేసింది. కోలాతో ఫొటో అనగానే అందరికీ గుర్తొచ్చే చోటే అది! ఎత్తుకున్నప్పుడు కోలా కదలదు, అరవదు కాబట్టి దానికి ఇష్టమేనని మనం అనుకుంటాం. తన తిండికి, నిద్రకే ఒంట్లో శక్తి చాలీచాలకుండా బతికే జంతువు అది. కదలకుండా ఉంటే హాయిగా ఉన్నట్టు కాదు.

ఇక ఫ్రీ సంగతి. లోగన్ సిటీలోని డైసీ హిల్ కన్జర్వేషన్ పార్కులో ఈ సెంటర్‌ను నడిపేది క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం. జనానికి కోలా గురించి తెలియజెప్పడం కోసం పెట్టారు, టికెట్లు అమ్ముకోవడానికి కాదు. టికెట్ లేకపోతే సరుకు నాసిరకం అనుకోవడం మనకున్న జబ్బు.

మత్తు కథ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అన్నిటికన్నా ఎక్కువమంది నమ్మేది ఇదే. యూకలిప్టస్ ఆకులో మత్తుమందేమీ లేదు. ఉన్నది పీచు, నూనెలు, వేరే జంతువులకైతే విషమయ్యే పదార్థాలు. పోషకాలు బహు తక్కువ. ఆ విషాలను విరగ్గొట్టే పని కోలా కాలేయానిది. 2018లో కోలా జన్యుపటం వెలువడినప్పుడు, ఆ పనికి పనికొచ్చే జన్యువులు దానిలో మామూలు కన్నా ఎక్కువగా పెరిగి ఉన్నాయని తేలింది. పీచు అరగడానికి పెద్దపేగు మొదట్లో సంచిలా ఉండే భాగం కోలాలో దాదాపు 2 మీటర్ల పొడవు ఉంటుంది. అందులో సూక్ష్మజీవులు నిదానంగా ఆకును పులియబెడతాయి. వచ్చే శక్తి అంతంతమాత్రం కాబట్టి ఖర్చూ అంతే. రోజుకు ఇరవై గంటలదాకా పడుకునేది అందుకే. తాగి పడుకోవడం కాదు, పొదుపు.

నమ్మకం కలగకపోతే అది తినేటప్పుడు చూడండి. కొమ్మను ముక్కు దగ్గరికి లాక్కుంటుంది. ఒక ఆకు వాసన చూసి వదిలేస్తుంది, పక్కదాన్నీ వదిలేస్తుంది, మూడోదాన్ని కొస నుంచి నములుతుంది. ముందు పాదంలో రెండు వేళ్లు ఒకవైపు, మూడు ఇంకోవైపు ఉంటాయి, అందుకే కొమ్మ మీద ఆ పట్టు. వందల రకాల యూకలిప్టస్‌లలో తినేవి కొన్నే, ఆ చెట్టు మీద కూడా ప్రతి ఆకూ పనికిరాదు. మత్తులో ఉన్నవాడికి ఇంత ఏరుకునే ఓపిక ఉంటుందా? ఇంకా అదృష్టం ఉంటే మగ కోలా అరుపు వినపడుతుంది. పాత బుల్లెట్ బండి స్టార్ట్ అవ్వబోయి ఆగిపోయినట్టుంటుంది. అంత చిన్న ఒంట్లోంచి ఆ గొంతా అని పిల్లలు మాత్రమే కాదు, పెద్దవాళ్లూ వెనక్కి తిరిగి చూస్తారు.

ఎలుగుబంటి మాట ఒక్క ముక్కలో తేలిపోతుంది. కోలా కంగారూలాగే పొట్టసంచి ఉన్న జంతువు, ఇప్పుడున్న వాటిలో దగ్గరి చుట్టం వాంబాట్ అనే మరో ఆస్ట్రేలియా జంతువు. పుట్టినప్పుడు పిల్ల బరువు అర గ్రాము ఉంటుందేమో. ఆరు నెలలు సంచిలోనే పెరుగుతుంది.

నీళ్ల విషయంలో ఫార్వర్డ్‌ను పూర్తిగా తప్పుపట్టలేం, పుస్తకాలూ చాలాకాలం అలాగే రాశాయి. కావలసిన నీళ్లలో ఎక్కువ భాగం ఆకుల్లోంచే వస్తుంది. కానీ వానలో చెట్టు కాండం మీద జారే నీటిని కోలాలు నాకుతాయని 2020లో పరిశోధకులు ప్రచురించారు. ఎండలు ముదిరినప్పుడు మనుషులు పెట్టిన తొట్లలోనూ తాగుతాయి.

అన్నీ చచ్చిపోయాయన్న మాట మాత్రం ప్రమాదకరమైనది. దీని మూలం మంటలకన్నా ముందుది. 2019 మేలో ఆస్ట్రేలియన్ కోలా ఫౌండేషన్ కోలా దాదాపు అంతరించినట్టేనని ప్రకటించింది. ఆ ఏడాది చివర అడవులు తగలబడుతున్నప్పుడు అదే మాట మళ్లీ ప్రపంచమంతా తిరిగింది. అది సరికాదని శాస్త్రవేత్తలు అప్పుడే చెప్పారు. నష్టం చిన్నదని కాదు. 2022 ఫిబ్రవరిలో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, రాజధాని కాన్‌బెర్రా ప్రాంతాల్లో కోలాను అంతరించే ప్రమాదమున్న జంతువుగా ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. అదే విక్టోరియాలోని కేప్ ఒట్వే లాంటి చోట్ల మరీ ఎక్కువై, తినడానికి ఆకు దొరకక చచ్చిన సందర్భాలున్నాయి. దేశమంతటికీ ఒకటే లెక్క కుదరదు.

డైసీ హిల్ ఉన్న కోలా కోస్ట్ ప్రాంతం సంగతే చూడండి. 1996 నుంచి 2014 మధ్య అక్కడ కోలాలు సుమారు 80 శాతం తగ్గాయి. అది 2019 మంటలకు ముందే! అడవి కొట్టి కట్టిన ఇళ్లు, రోడ్ల మీద కార్లు, పెరట్లో కుక్కలు, క్లమీడియా రోగం, కారణాలు ఇవి. మంటల్లో పోయాయనుకుంటే మన తప్పేం లేదనిపిస్తుంది, అందుకే ఆ కథ అందరికీ నచ్చుతుంది. ఆ చుట్టుపక్కల ఇల్లు కొనుక్కున్న మన తెలుగువాళ్లూ ఉన్నారు. రాత్రిపూట కుక్కను లోపల కట్టెయ్యడం, ఆగస్టు నుంచి డిసెంబరు దాకా కోలాలు ఎక్కువగా తిరిగే కాలంలో రోడ్డు మీద నెమ్మదిగా వెళ్లడం, వాళ్ల చేతిలో ఉన్న పనులు.

సెంటర్ చూశాక పార్కులో నడవండి. చెట్టు మొదట్లో నున్నటి బెరడు మీద గీరిన గుర్తులు, కింద వేలి కణుపంత పెంటికలు ఉన్నాయేమో చూసి, తర్వాత తల ఎత్తండి. కనపడొచ్చు, కనపడకపోవచ్చు.

చివరికి ఖమ్మం. ఇక్కడ ఫార్వర్డ్ రాసినాయన తెలియకుండానే సగం నిజం చెప్పాడు. జామాయిల్ అంటే యూకలిప్టసే. మన తోటల్లో ఎక్కువగా ఉండేవి రెండు ఆస్ట్రేలియా రకాలూ, వాటి సంకరాలే. ఆ రెండింటి ఆకూ కోలాలు ఇష్టంగా తింటాయి. కాబట్టి తిండి మాటకు వస్తే చెట్టు సరైనదే. కానీ ఆకు అరిగించే సూక్ష్మజీవులు పిల్లకు తల్లి నుంచి రావాలి, పుట్టి పెరిగిన చోటి ఆకుకే దాని పొట్ట అలవాటుపడుతుంది. కొత్తగూడెం ఎండకు మనుషులే పడిపోతారు, చెట్టు కాండాన్ని కౌగిలించుకుని ఒళ్లు చల్లబరుచుకునే కోలా ఏం తట్టుకుంటుంది? ఊరకుక్కల సంగతి సరేసరి. అన్నీ దాటి అక్కడ ఓ చెట్టుకు అలవాటుపడినా, నాలుగైదేళ్లు తిరిగేసరికి ఆ చెట్టు భద్రాచలం పేపర్ మిల్లు లారీ ఎక్కేస్తుంది.