పాట ఎత్తుకునే స్కేలు గారికి

ప్రభువు నామంలో వందనాలు. తమరు క్షేమమే అనుకుంటాను. పాట ఏ శ్రుతిలో నడవాలో తేల్చేది తమరే. ఎక్కడ క్షేమంగా ఉన్నారో తెలియకే ఈ ఉత్తరం.

నిన్న కానుకల పాటలో తమరు నాకు చేసిన మర్యాదకు చాలా కృతజ్ఞుణ్ణి. వారమంతా ఆ పాట జీ స్కేల్లో ప్రాక్టీస్ చేసుకుని వచ్చాను. పాస్టర్ గారు ఆమెన్ అని పూర్తిగా అనకముందే అమ్మగారు కళ్లు మూసుకుని పాట ఎత్తేసుకున్నారు. అది జీ కాదు. శ్రుతి పెంచడానికి తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు, అదే కేపో, తీసి గిటారు మెడ మీది మొదటి గడిలో, అంటే ఒకటో ఫ్రెట్‌లో పెట్టాను, చాల్లేదు. రెండో ఫ్రెట్‌కి జరిపాను, ఎక్కువైంది. తమరు ఆ రెంటికీ నడుమ ఎక్కడో కూర్చున్నారు. కేపో పళ్ల మధ్య పట్టుకుని నేను తమరిని వెతుకుతుంటే కానుకల సంచి నా ముందుకొచ్చింది. రెండు చేతులూ ఖాళీ లేవు. సంచి పట్టుకున్న బ్రదర్ చూసిన చూపుకి అర్థం ఒకటే: కానుక ఎగ్గొట్టడానికే వీడు గిటారు నేర్చుకున్నాడు.

‘నాలుగు కార్డులు వస్తే చాలు బ్రదర్, ఆరాధన మొత్తం నడిపేయొచ్చు’ అన్నారు మొదట్లో. కార్డంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే పట్టు. జీ, డీ, ఈ మైనర్, సీ. అబద్ధమేం కాదు, కొత్త పాటలు చాలావరకు ఆ నాలుగింటి మీదే నడుస్తాయి. ఎఫ్ సంగతి వేరు. ఒక్క చూపుడు వేలితో ఆరు తీగలూ నొక్కిపట్టమనే ఆ మహానుభావుడికి విడిగా రాస్తాను. వేళ్ల కొనలు కాయలు కాశాయి, దానికీ బాధ లేదు. ‘వెరీ ఈజీ’ అంటూ మొదలుపెట్టి, కేపో ఏ ఫ్రెట్‌లో ఉందో కెమెరాకి చిక్కకుండా వాయించే వీడియో అన్నల్ని ఏడు మారుల మట్టుకు క్షమించాను. డెబ్బది ఏళ్ల మారుల దాకా ఇంకా రాలేదు.

తమరి దగ్గరే నా క్షమాపణ ఆగిపోతోంది.

ఒకసారి ధైర్యం చేసి అడిగాను, ‘అమ్మగారూ, ఈ పాట ఏ స్కేల్లో ఎత్తుకుంటారండీ?’ అని. ‘స్కేలేంటి బాబూ, ఆత్మ నడిపించినట్టు పాడటమే’ అన్నారు. దీనికి ఎదురు చెప్పగల గిటారిస్టు ఇంకా పుట్టలేదు. కీబోర్డు బ్రదర్‌కి ఈ తిప్పలు లేవు. శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ ఒకటి రెండు నొక్కులు నొక్కి, రిథమ్ ఆన్ చేసి, నా వైపు చూసి నవ్వుతాడు. నిజానికి ఆయన కూడా పావు స్వరం పక్కనే ఉంటాడు. కాకపోతే స్పీకరు ఆయనది, కాబట్టి సంఘమంతా ఆయనకే సర్దుకుపోతుంది.

పుస్తకంలోనైనా తమరి అడ్రసు దొరుకుతుందేమోనని ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తెరిచాను. కీర్తన పైన రాగం ఉంది, తాళం ఉంది. తమరు లేరు. ఉండరు కూడా. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు కీర్తనలు కట్టేనాటికి షడ్జం, అంటే స, ఎక్కడ పెట్టుకుంటే అదే శ్రుతి, అంతా పాడేవాళ్ల గొంతు చలవ. ఆ లెక్కన సంప్రదాయం అమ్మగారిదే. పోనీ రాగమన్నా ఆదుకుంటుందా? శంకరాభరణమైతే మేజర్ స్కేలే, దేవునికి స్తోత్రం. మోహనలో మధ్యమం, నిషాదం ఉండవు కాబట్టి జీ, ఈ మైనర్ తిప్పుకుంటూ గట్టెక్కొచ్చు. మాయామాళవగౌళ తగిలిందా, అయిపోయాం. షడ్జానికి అర స్వరం పైనే రిషభం. జీ పక్కనే జీ షార్ప్ మేజర్ పట్టాలి. అంటే మళ్లీ ఆ ఎఫ్ ఆకారమే, ఈసారి నాలుగో ఫ్రెట్‌లో.

సరే, ఎలాగో మొదటి చరణంలో తమరిని పట్టుకున్నాననే అనుకుందాం. నిలబడతారా? చప్పట్లు జోరందుకుంటే మూడో చరణానికి పైకెక్కుతారు. ఉపవాస ప్రార్థనలో మధ్యాహ్నం దాటిందంటే కిందికి జారతారు. అసలు నువ్వెక్కడుంటావో చెప్పు! ‘ఏ’ అనే స్వరమంటే 440 హెర్ట్జ్ అని ట్యూనర్ యాప్ పచ్చ లైటు వేసి మరీ ఒట్టేస్తుంది. నీకొక్కదానికే ఎందుకు మినహాయింపు? వయొలిన్‌కి ఫ్రెట్లు లేవు, వేలు జార్చి నిన్ను అందుకుంటుంది. నా గిటారుకి కమ్ములు బిగించి ఉన్నాయి, వాటి మధ్య నాకు చోటు లేదు. డబ్బులు పోసి కొన్నాను దీన్ని! పాట పాటకీ దీని మెడ పట్టుకుని నలుగురి ముందు బిక్కమొహం వేయడానికా?

క్షమించాలి. కోపంలో ఏకవచనం వచ్చేసింది.

మొన్న బుధవారం కుటుంబ కూడికలో కరెంటు పోయింది. కీబోర్డు ఆగిపోయింది. కరెంటుతో పని లేనిది నా గిటారొక్కటే. ఇన్నాళ్లకు నా కాలం వచ్చిందనుకునే లోపు మూల నుంచి ఓ మామ్మగారు పాట ఎత్తుకున్నారు. జీకీ జీ షార్ప్‌కీ మధ్యలో! ఈసారి కేపో జోలికి పోలేదు. ఆవిడ గొంతుకి చెవి ఒగ్గి తీగలు ఒక్కొక్కటే బిగించుకుంటూ పోయాను. ఆరో తీగ కుదిరేసరికి ఆఖరి చరణం నడుస్తోంది. జీ పట్టి ఒక్క దెబ్బ కొట్టాను. అచ్చు గుద్దినట్టు కూర్చుంది. ఎందుకు దాచాలి, ఆ ఒక్క చరణం మీరూ నేనూ కలిసి బ్రహ్మాండంగా వెళ్లాం. మామ్మగారికీ నచ్చినట్టుంది, ‘పల్లవి ఇంకోసారి అందాం అయ్యా’ అన్నారు.

అని, అర స్వరం పైన ఎత్తుకున్నారు.

ఇట్లు,
కీబోర్డు వెనక కుర్చీ గిటారు