చారాణా కుందేలుకి బారాణా డాక్టరా?

గృహ ఆర్థికశాస్త్రంలో మనవాళ్ళు కనిపెట్టిన సూత్రాలన్నిటిలోకీ గొప్పది, చారాణా కోడికి బారాణా మసాలా కూడదన్నది. కుందేళ్ళ వైద్యంలో దీన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నందుకు తెలుగు కుటుంబాలని అభినందించాలి. ఇరవై వేలు పోసి కొన్న లాబ్రడార్‌కి ఏటా టీకాలు, వేళకి పురుగుల మందు, పుట్టినరోజుకి కేకు. సంతలో జత 800కి దొరికిన కుందేళ్ళకి ఒక పంజరం, ఒక క్యారెట్. డాక్టరుకి చూపిద్దామని పిల్లలంటే ఇంటిపెద్ద అడిగేది ఒకటే: "ఆ డబ్బుతో ఇంకో జత వస్తుంది కదరా?"

లెక్కలో తప్పు పట్టడానికేం లేదు. ఆటోకి రానూపోనూ 300, ఫీజు 500. డాక్టరు చెయ్యి వెయ్యకముందే జత ధర అయిపోయింది. పైగా ఈ పొదుపు ఉద్యమానికి కుందేలు కూడా సహకరిస్తుంది. అడవిలో నీరసంగా కనబడ్డ కుందేలునే నక్క ముందు ఎత్తుకుపోతుంది కాబట్టి జబ్బు దాచుకోవడం దాని రక్తంలో ఉంది. మూలగదు, అరవదు. "నిన్నటిదాకా బాగానే ఉంది సార్" అని మనం నిజాయితీగానే చెప్పగలుగుతున్నామంటే ఆ పుణ్యం దానిదే.

బాగానే ఉందని మనం తేల్చే పద్ధతి, పంజరం వైపు ఒక చూపు పారెయ్యడం. పనిలేనివాళ్ళు కొందరు వారానికోసారి దాన్ని బుట్టలో పెట్టి వంటింటి తూకం మీద తూస్తారు. రెండు కిలోల కుందేలు వారంలో 100 గ్రాములు తగ్గితే కారణం వెతుకుతారు. పై పెదవి ఎత్తి ముందుపళ్ళు చూస్తారు. పై పళ్ళు కింది పళ్ళ మీదికి కొద్దిగా రావాలి. గడ్డం కింద తడుందా, చెవిలో గోధుమరంగు పెచ్చు కట్టిందా అని చూస్తారు. పెచ్చు అంటే పురుగు. గోకి తియ్యకూడదు, ప్రాణం పోయేంత నొప్పి. డాక్టరు మందేస్తే అదే రాలిపోతుంది. వెనక మడమల మీద బొచ్చు ఊడి ఎర్రబడితే తప్పు పంజరం అడుగున ఉన్న ఇనుపజాలీది. తోక కింద తడిగా, మురికిగా ఉంటే ఈగలు గుడ్లు పెడతాయి, ఒక్కరోజులో పురుగులు పడతాయి. మొత్తం పది నిమిషాల పని, ఖర్చు సున్నా. ఖర్చు లేని వైద్యం మీద మనకి గౌరవం ఎప్పుడుంది గనక!

మనం పరుగెత్తేది ఒక్కసారే, మూత్రం ఎర్రగా పోసినప్పుడు. చాలాసార్లు అది తిన్న ఆకుల రంగే అయి ఉంటుంది. పరీక్ష పట్టీ ముంచితే రక్తమో రంగో తేలిపోతుంది. ఆ ఫీజు దండగైందని ఏడాదిపాటు చెప్పుకుంటాం.

పళ్ళ దగ్గర మాత్రం మన పొదుపు కళాస్థాయిని అందుకుంటుంది. కుందేలుకి 28 పళ్ళు, అన్నీ బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి; ముందుపళ్ళైతే వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు. వాటిని అరగదీసేది గడ్డి నమలడం ఒక్కటే. తిండిలో నూటికి ఎనభై పాళ్ళు గడ్డే ఉండాలి. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నవాడి వారసులం కదా, మన కుందేలు తినేది క్యారెట్టూ మేరీ బిస్కెట్టూ అని తేల్చేశాం. అరగని దవడపళ్ళు పక్కకి మొనదేలి నాలుకనీ బుగ్గనీ కోస్తాయి. అది తిండి దగ్గరికి వస్తుంది, నోట పెట్టుకుంటుంది, వదిలేస్తుంది. "ఈమధ్య దీనికి గారాబం ఎక్కువైంది" అంటాం. ఇక మత్తిచ్చి ఆ మొనలు అరగదీయించాలి, కొన్నాళ్ళకి మళ్ళీ. స్వదేశీ పరిజ్ఞానం ఉన్నవారు ముందుపళ్ళని గోళ్ళు తీసే కట్టర్‌తోనే కత్తిరిస్తారు. పన్ను నిలువునా చీలి, వేరు దగ్గర చీము గడ్డకడుతుంది. కుందేలు చీము చిక్కన, సూదితో లాగితే రాదు, కోసి తీయాల్సిందే. దిగుమతి అయిన టిమోతీ గడ్డి ఖరీదంటారా, నిజమే. ఖాళీ స్థలంలో మొలిచే గరిక ఊరికే వస్తుంది, మందు కొట్టని చోట కోసుకుంటే చాలు. వినాయక చవితికి దాన్ని కట్టలు కొని దేవుడికి పెడతాం, కుందేలుకి పెట్టాలంటే నామోషీ.

జత కొన్నవారికి ఇంకో సౌకర్యం. అమ్మినవాడు "రెండూ ఆడవే" అని ఒట్టేస్తాడు. కడుపు 31 రోజులు, ఈనిన రోజే మళ్ళీ కట్టగలదు. ఎనిమిది పిల్లలు పుడితే 800ని పదితో భాగించాలి. మన సూత్రం ప్రకారం తలసరి వైద్యభత్యం 400 నుంచి 80కి పడిపోతుంది. రెండో ఈతకి డాక్టరు ఊసే అక్కర్లేదు. ఆర్నెల్ల వయసులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఈ లెక్క చెడుతుంది, పైగా వేలల్లో ఖర్చు. చేయించకపోతే మూడు నాలుగేళ్ళు దాటిన ఆడదానికి గర్భాశయ క్యాన్సర్ ముప్పు బాగా ఎక్కువ. అయినా ఎనిమిది పదేళ్ళు బతకాల్సిన ప్రాణి అని మనకెవరు చెప్పారు? మగదానికి చేయించినా నెలకి పైగా ఆడదానికి దూరంగా ఉంచాలి, లోపల వీర్యం నిల్వ ఉంటుంది.

అసలు పరీక్ష ఆదివారం రాత్రి వస్తుంది. శనగగింజంత గుండ్రంగా పడాల్సిన పెంటికలు చిన్నవై, వెంట్రుకలతో గొలుసులా అతుక్కుని, చివరికి ఆగిపోతాయి. కుందేలు మూల ముడుచుకుని పళ్ళు నూరుతుంది. తినకుండా, పెంటిక వెయ్యకుండా 12 గంటలు గడిస్తే అది అత్యవసరం. మన ఇళ్ళలో ఆ 12 గంటలూ వాము నీళ్ళకి కేటాయించబడ్డాయి. సోమవారానికి చెవులు చల్లబడతాయి, 38.5 నుంచి 40 డిగ్రీల మధ్య ఉండాల్సిన ఒళ్ళు 37కి దిగుతుంది. ముందు ఎక్స్‌రే తీయాలి, ఎందుకంటే పేగు మూసుకుపోయి ఉంటే కదిలించే మందూ బలవంతపు తిండీ చంపుతాయి. అడ్డు లేదని తేలాక గోరువెచ్చని సెలైన్, నొప్పి మందు, సిరంజితో నోటి పక్కనుంచి కొంచెం కొంచెంగా మెత్తటి తిండి. బిల్లు తేలిగ్గా మూడు వేలు దాటుతుంది. గడ్డీ తూకమూ లేకుండా మిగిల్చిందంతా ఒక్క రాత్రికి చెల్లు.

అందరు డాక్టర్లూ కుందేళ్ళు చూసినవాళ్ళు కారు. కుక్కల ఒంటిమీద వేసే ఫిప్రోనిల్ చుక్కలు కుందేలుకి విషం. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్ పేగుల్లోని మంచి సూక్ష్మజీవుల్ని చంపి, ఆపై కుందేలునీ చంపుతుంది. కాబట్టి బాగున్నప్పుడే ఒక ఫోన్ చేసి, "ఆపరేషన్‌కి ముందు రాత్రి పస్తు పెట్టాలా?" అని అడగండి. పస్తు పెట్టేది మత్తులో వాంతి కాకుండా; కుందేలుకి వాంతి అయ్యే వీలే లేదు, పస్తు పెడితే పేగులే ఆగుతాయి. "పెట్టాలి" అన్న చోటికి కుక్కని తీసుకెళ్ళండి. "పొద్దున కూడా గడ్డి వెయ్యండి, వచ్చేటప్పుడు కొంచెం వెంట తెండి" అన్నారా, నంబరు ఫ్రిజ్ మీద అంటించుకోండి. ఫీజు ఎంతని మాత్రం ఇంటిపెద్ద వినేలా అడగకండి.