నలభైల్లో ఏడీహెచ్‌డీ ఏమిటి, అంటారా?

పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. నిన్న మా పెద్దత్తయ్య దండం పెడుతున్న బొమ్మ తగిలించి మరీ పంపారు. ‘నలభై ఏళ్ళకు ఏడీహెచ్‌డీనా? మేలుకోండి!’ అని పైన ఎర్రక్షరాలు, కింద ఏడు పాయింట్లు, అడుగున పది మందికి పంపమని ఆజ్ఞ. ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం చిన్నప్పటి నుంచీ వెంటాడే సమస్య. నాకది ఉందన్న సంగతి పంపినవాళ్ళలో సగం మందికి తెలుసు. నా మంచి కోరే పంపారట. సరే, జవాబు కూడా మీ మంచి కోరే.

‘మన తాతల కాలంలో ఇవి లేవు.’ వైకార్డ్ అనే జర్మన్ వైద్యుడు 1775లోనే ధ్యాస నిలవని మనుషుల గురించి రాశాడు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు ఇలాంటి పిల్లల మీద ఉపన్యాసాలిచ్చాడు. మన తాతల ఇళ్ళల్లోనూ ఉండేవాళ్ళు. ఒక వ్యాపారం సగంలో వదిలేసి ఇంకోదానికి ముహూర్తం పెట్టించే బాబాయి మీ ఇంట్లో లేడా? ఆయన్ని తిక్కమనిషి అన్నారు, ఆస్తి చేతికివ్వలేదు. అదీ అప్పటి వైద్యం.

‘సెల్‌ఫోన్ల వల్ల వచ్చిన రోగం.’ మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ మోగింది 1995లో. అప్పటికే నేను పదో తరగతిలో ఉన్నాను, ఏడాదికెన్ని కంపాస్ బాక్సులు పారేసుకునేదాన్నో మా నాన్నకి తెలుసు. ‘పంచదార మానేస్తే పోతుంది.’ పంచదారకీ పిల్లల అల్లరికీ లంకె ఉందా అని చేసిన ప్రయోగాలన్నీ కలిపి చూసి, లేదని 1995లోనే తేల్చారు. అయినా మానేయండి, నష్టమేం లేదు.

‘రక్తపరీక్షలో, స్కానింగులో తేలదు కాబట్టి జబ్బే కాదు.’ మైగ్రేన్ కూడా తేలదు. ఈ ముక్క రాసినాయనకి ఒక్కసారి అది రావాలని కోరుకునేంత చెడ్డదాన్ని కాను. దాదాపు.

‘చక్కగా చదివి ఉద్యోగం చేస్తున్నవాళ్ళకి నలభైల్లో ఎలా వస్తుంది?’ రాదు. వచ్చిందని ఎవరన్నారు? పన్నెండేళ్ళ లోపే లక్షణాలు కనపడి ఉండాలన్నది డాక్టర్ల షరతు. 2013 దాకా ఆ గీత ఏడేళ్ళ దగ్గరే ఉండేది. అందుకే మా డాక్టరుగారు అమ్మని కూడా కూర్చోబెట్టి అడిగారు, పాత ప్రోగ్రెస్ కార్డులు తెమ్మన్నారు. మార్కులు బాగానే ఉన్నాయి. రిమార్కుల గడిలో మాత్రం ఏటేటా ఒకటే మాట: తెలివైన పిల్ల, శ్రద్ధ లేదు. ఆ మార్కులు పరీక్ష ముందు రాత్రి భయంతో తెచ్చుకున్నవి. భయంతో ఒక పరీక్ష గట్టెక్కొచ్చు. ఆఫీసు, పిల్లల హోంవర్కు, అత్తమామల మందులు, కరెంటు బిల్లు అన్నీ ఒకేసారి నెత్తిన పడ్డాక ఏ భయం చాలుతుంది?

అక్కడే బ్రాకెట్లో ఇంకో ముత్యం: ‘ముఖ్యంగా ఆడవాళ్ళు, ఇంటిపని ఎగ్గొట్టడానికి.’ మగపిల్లాడు బెంచీలెక్కి దూకితే టీచరు కంట్లో పడతాడు. ఆడపిల్ల కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే నెమ్మదస్తురాలని మెచ్చుకుంటారు. మాలో చాలామందికి తెలిసేది పిల్లాడిని చూపించడానికి వెళ్ళినప్పుడే. ఇది కుటుంబాల్లో నడుస్తుంది. కవలల మీద చేసిన అధ్యయనాల ప్రకారం వారసత్వం వాటా 70 నుంచి 80 శాతం. ఇక పని ఎగ్గొట్టడమా? పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయి, మాడిన గిన్నె తోమి, మళ్ళీ పాలు తెచ్చి కాచేదాన్ని. మీ ఇంట్లో ఒకసారి జరిగే పని మా ఇంట్లో రెండుసార్లు జరిగేది.

ఇక ఆరోది. నేను అసలు రాయడానికి కూర్చున్నదే దీనికోసం. ‘ఆ మాత్రలు మత్తుమందులు. వెంటనే ఆపేయండి. సరస్వతి ఆకు తినండి, సూర్య నమస్కారాలు చేయండి.’

ఏడీహెచ్‌డీకి డాక్టర్లు రాసే మిథైల్‌ఫెనిడేట్ మన మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఉన్న మందే. అందుకే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, చీటీ పట్టుకుని తిరిగినా చాలా షాపుల్లో దొరకదు. మార్ఫిన్ కూడా ఆ చట్టం కిందే ఉంది. క్యాన్సర్ నొప్పితో మూలిగేవాళ్ళకి కూడా ‘మత్తుమందు, ఆపేయ్’ అని ఫార్వర్డ్ చేస్తారా? చేస్తారేమో, మీ ఇష్టం. రిటాలిన్ పేరుతో ఈ మందు 1954 నుంచి వాడకంలో ఉంది. 2018లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో ఏడీహెచ్‌డీ మందుల మీద జరిగిన 133 ప్రయోగాలను కలిపి లెక్కగట్టారు. కొద్దినెలల వాడకంలో పనిచేస్తున్నాయనే తేలింది. చిన్నప్పుడు ఈ మందులు వాడిన పిల్లలు పెద్దయ్యాక వ్యసనాల్లో పడటం ఎక్కువైందా అని 2013లో 15 అధ్యయనాలు కలిపి చూశారు. ఎక్కువ కాలేదు. స్వీడన్‌లో ఏడీహెచ్‌డీ ఉన్న 25 వేల మందికి పైగా రికార్డులు తిరగేస్తే, మందు వాడుతున్న కాలంలో మగవాళ్ళు నేరాల్లో ఇరుక్కోవడం 32 శాతం తగ్గింది. నేరాలు తగ్గించే మత్తుమందు ఎక్కడైనా చూశారా? చూస్తే చెప్పండి, పోలీసులకి పనికొస్తుంది.

అందరికీ పడుతుందని నేననను. ఆకలి చస్తుంది, నిద్ర పాడవచ్చు, బీపీ, గుండె వేగం చూసుకుంటూ ఉండాలి. పడనివాళ్ళకి ఆటమాక్సెటిన్ లాంటి వేరే రకం మందులు ఉన్నాయి. మందే వద్దనుకుని నెట్టుకొచ్చేవాళ్ళూ ఉన్నారు. అది డాక్టరుతో కూర్చుని తేల్చుకునే విషయం. మా బ్యాచ్‌లోనే ఒకతను ఈ మెసేజ్ చదివి మాత్రలు మానేశాడు. నెల తిరక్కుండా ఎర్ర సిగ్నల్ చూడకుండా బండి పోనిచ్చి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మానడం వల్లేనని ఒట్టేసి చెప్పలేను. దాన్ని గ్రూపులో పెట్టినాయన మాత్రం ఆ వార్త కింద ‘గెట్ వెల్ సూన్’ అని పువ్వు పెట్టాడు.

సరస్వతి ఆకు పచ్చడి నేనూ చేస్తాను, బాగుంటుంది. సూర్య నమస్కారాలూ మంచివే. రోజూ ఒకే వేళకి లేచి, క్రమం తప్పకుండా చేయాలి. అది చేతకాకే కదండీ మేం డాక్టరు దగ్గరికి వెళ్ళింది!

‘రీల్స్ చూసి ఎవరికి వాళ్ళే తగిలించుకుంటున్నారు.’ ఇది నిజం. ఏడీహెచ్‌డీ మీద బాగా ఆడిన 100 టిక్‌టాక్ వీడియోల్ని కెనడా పరిశోధకులు పరిశీలిస్తే 52 తప్పుదోవ పట్టించేవేనని 2022లో తేలింది. మన రీల్స్ అంతకన్నా మెరుగని నాకేం నమ్మకం లేదు. తాళాలు మరిచిపోయిన ప్రతివాళ్ళకీ ఇది ఉండదు. థైరాయిడ్, డిప్రెషన్, రాత్రంతా గురకతో చెడే నిద్ర, ఇవన్నీ పైకి ఇలాగే కనపడతాయి. నాకు మొదట రాసిచ్చింది థైరాయిడ్ పరీక్షే. నిజంగా అనుమానముంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులడగరు.

ఆరో పాయింటు రాసిన చేతే ఈ ఏడోది కూడా రాసిందంటే నమ్మబుద్ధి కావడం లేదు. పైన ఆరూ కత్తిరించి ఇదొక్కటే పంపండి, నేనూ ఫార్వర్డ్ చేస్తాను.