కంటికి మత్తడి తీశారు, కాపలా ఎవరు?

శుక్లం ఆపరేషన్ గురించి నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఎవరికీ చెప్పనక్కర లేదు. పొర తీస్తారు, లెన్సు పెడతారు, కట్టు విప్పితే మనవడి ముఖం కనిపిస్తుంది. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు నరాన్ని దెబ్బతీసే నీటికాసుల (గ్లకోమా) ఆపరేషన్‌నూ జనం ఇదే లెక్కలో వేసుకుంటారు. కానీ దీనితో పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని నిలుపుకోవడానికే అదంతా. ‘కోసినా ఫలితం లేదు’ అనుకున్న మనిషి మళ్లీ పరీక్షకు ఎందుకు వెళ్తాడు?

1968 నుంచి ప్రచారంలోకి వచ్చిన నీటికాసుల ఆపరేషన్ ట్రాబెక్యులెక్టమీ అంటే కంటికి మత్తడి కట్టడమే. తెల్లగుడ్డులో చిన్న మూత కోసి, లోపలి నీరు పైపొర కిందికి జారేలా చేస్తారు. పై రెప్ప చాటున అక్కడొక బుడగ లేస్తుంది. మామూలు కంటి ఒత్తిడి 10 నుంచి 21 పాదరస మిల్లీమీటర్లు. మచ్చ కట్టి దారి పూడితే అది మళ్లీ పెరుగుతుంది. సూదితో ఆ మచ్చను విడదీస్తారు. నీరు మితిమీరి పారి ఒత్తిడి 5కు దిగి అక్కడే ఉండిపోతే కంటి వెనకున్న రెటీనా పొర ముడతలు పడవచ్చు. అప్పుడు మూతకు అదనపు కుట్లు వేయాలి. కుట్టు బిగిస్తే ఒత్తిడి పెరుగుతుంది, వదిలితే కన్ను ఖాళీ అవుతుంది. మరమ్మతు అసలు ఆపరేషన్ కన్నా సున్నితమనేది ఇందుకే.

నన్ను ఎక్కువగా భయపెట్టేది బుంగ. మచ్చ కట్టకుండా వాడే మైటోమైసిన్ మందు వల్ల బుడగ పైపొర ఏళ్ల తరబడి పలచబడి, ఒకనాడు చిట్లవచ్చు. రంగు మందు వేసి నీలి వెలుగులో చూస్తే కారుతున్న చోటు తెలుస్తుంది. పాడైన పొర కోసేసి, పక్కనున్న మంచి పొరను లాగి కుడతారు. అడుగున తెల్లగుడ్డు కరిగిపోయి ఉంటే దాత కంటి ముక్కతో అతుకు వేస్తారు. ఆలోపు క్రిములు చేరితే గంటల్లో చూపు పోవచ్చు. మన దగ్గర కన్ను ఎర్రబడితే ముందు గుర్తొచ్చేది కండ్లకలక, ఆ తరువాత మందుల దుకాణం!

2018 ఆగస్టు 15న మొదలైన తెలంగాణ ప్రభుత్వ కంటి వెలుగు పథకం ఊరూరా శిబిరాలు పెట్టి కళ్లద్దాలు పంచింది, మంచిదే. బుడగను కనిపెట్టి ఉండటం అలాంటి శిబిరాలతో తెమిలే పని కాదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో వైద్య కళాశాలలు వచ్చాయి. మరమ్మతు అక్కడే చేయాలని నేను అనను. దానికి హైదరాబాద్ వెళ్లినా ఫరవాలేదు. కారుతున్న కంటిని ఆ రోజే గుర్తుపట్టి పంపేవారు మాత్రం జిల్లాలో ఉండాలి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ఇచ్చే కాగితం మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాల్సిన మాట ఒకటుంది: ‘ఈ కంట్లో బుడగ ఉంది. ఎర్రబడినా, నీరు కారినా చుక్కల మందు కొనుక్కోవద్దు, అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి.’