శ్రీ మింట్ కండిషన్ గారి సముఖమునకు

బరంపురం, గంజాం జిల్లా

మహారాజశ్రీ మింట్ కండిషన్ గారికి, తమ బాధితుడొకడు అనేక నమస్కారములతో వ్రాసుకొను విన్నపము. ఇక్కడ మేమందరమూ క్షేమం. తమ పేరు చూసి నేను కొన్న లెన్సు ఒక్కటే క్షేమంగా లేదు.

తమతో నా తొలి పరిచయం గత కార్తిక మాసంలో జరిగింది. చిలిక సరస్సుకు వలస పక్షులు దిగుతున్న రోజులవి. ఆ సరస్సు ఒడ్డునే ఉన్న రంభ ఊళ్లో నిలబడి నా చిన్న లెన్సుతో తీసిన బాతులన్నీ నీటిమీద చల్లిన మిరియాల్లా కనిపిస్తుంటే, 300 మిల్లీమీటర్ల లెన్సు లేనిదే ఈ జన్మ వృథా అని తోచింది. కొత్తది కొనే తాహతు లేదు. పాత సామాను అమ్మే ఒక సైటులో, పూలపూల దుప్పటి మీద పడుకోబెట్టి తీసిన లెన్సు ఫొటో కింద 'మింట్ కండిషన్', అంటే కొత్తదానిలాగే ఉన్నదని, తమ నామధేయం దర్శనమిచ్చింది. ధర 18,000 రూపాయలు. అన్నయ్య పెళ్లిలో ఒక్కసారే వాడామనీ, ఆ తరువాత తోలు సంచీతో సహా బీరువాలోనే భద్రంగా ఉన్నదనీ విక్రేత రాశాడు. ఏళ్ల తరబడి వెలుతురూ గాలీ సోకకుండా తోలు సంచీలో మగ్గడాన్ని భద్రత అనుకున్నాను చూడండి, నా తెలివి అక్కడే తెల్లారింది.

లోపలికి టార్చి వేసి ఒక ఫొటో తీసి పంపమని అడిగాను. టార్చి లేదన్నాడు. ఆ జవాబు పంపిన ఫోనుకే వెనక దీపం ఉంటుందన్న సంగతి, డబ్బు పంపించిన మర్నాడు గుర్తొచ్చింది.

"కటకం ఎల్లుండి వస్తుంది నాన్నా" అని ఇంట్లో చెబితే, ఆయన పత్రిక దించకుండానే "ఊరు ఊరే వస్తుందా, లేక ఎవరైనా వస్తున్నారా?" అని అడిగారు. 1936లో గంజాం మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసినా మా ఇళ్లలో తెలుగే నడుస్తోంది కాని, కటకమంటే మాకు ముందుగా తట్టేది మహానది ఒడ్డున ఉన్న కటక్ ఊరే.

వచ్చింది. పైతొడుగు మీద గీత లేదు, అంకె చెరగలేదు, రబ్బరు పట్టీ వదులు కాలేదు. రెండు వైపులా మూతలు తీసి, లోపలికి వెలుతురును పెంచి తగ్గించే రేకులు పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి చూస్తే మేడిపండు విప్పినట్టయింది. వాడిన లెన్సులో నాలుగు దుమ్ము నలుసులు ఉండడం సహజం, ఫొటోలో అవి కనబడవు. నేను చూసింది దుమ్ము కాదు. లోపలి గాజు అంచు నుంచి మధ్యకు పాకుతున్న సన్నని తెల్లటి వేళ్లు, అంటే ఫంగస్. గాలిలో తేమ 60 శాతం దాటి, చీకటి కూడా తోడైతే అది గాజు మీద కాపురం పెడుతుంది. పెట్టి ఊరుకోక, ఆమ్లం వదిలి గాజు మీది పూతను తినేస్తుంది. గోపాల్‌పూర్ సముద్రపు గాలి తగిలే మా ఊళ్లో ఇక దానికి లోటేముంటుంది? మింట్ అంటే టంకశాల నుంచి అప్పుడే దిగిన నాణెమంత కొత్తదనమని నేను అర్థం చేసుకున్నాను. పుదీనా అన్న రెండో అర్థమే విక్రేత ఉద్దేశం కాబోలు, లోపల నిజంగానే ఏదో మొలిచింది.

కెమెరాకు బిగించగానే తెర మీద 'ఎఫ్-ఈ-ఈ' అని వెలిగింది. 18,000 కట్టాక మళ్లీ ఫీజేమిటని ఉలిక్కిపడ్డాను. లెన్సు మీద ఆ రేకులను తెరిచి మూసే ఎపర్చర్ రింగును చివరి అంకెకు తిప్పి తాళం వేయమని దాని అర్థమట. తిప్పాను. అప్పుడు ఫోకస్ కదలలేదు. నేను కొన్నది పాతకాలపు నికాన్ లెన్సు, అలాంటి వాటిలో ఫోకస్ మోటారు ఉండదు, కెమెరాలోని మోటారే ఒక మర ద్వారా వాటిని తిప్పాలి. నా నికాన్ డి5600 కెమెరాలో ఆ మోటారు లేదు. ఇందులో తమ తప్పేమీ లేదు, కొనే ముందు పదినిమిషాలు చదువుకోని నాది. సరే, చేత్తోనే తిప్పుకుందామని రంభ వెళ్లి రేకులు కొంత మూసుకునే ఎఫ్/8లో తీస్తే బాతులు తెల్లటి వెలుగులో కరిగిపోయాయి. రేకులకు నూనె పట్టడంతో అవి సమయానికి మూసుకోవడం లేదని, పూర్తిగా తెరిచి తీసినప్పుడు మాత్రమే లెన్సు బాగున్నట్టు నటిస్తోందని తరువాత తెలిసింది.

బడా బజారు దగ్గరి మరమ్మతు మేస్త్రీ దానిని కంటికి ఆనించి చాలాసేపు చూశాడు. "ఫంగస్ తుడుస్తాను బాబూ, అది తిన్న పూతను తిరిగి తేలేను" అన్నాడు. ఆరువేలు అడిగాడు. విక్రేతకు ఫొటోలు పంపితే, 'వాపసు లేదు' అన్న పంక్తిని నేను చదవలేదా అని అడిగి, ఆ మీదట నన్ను బ్లాక్ చేశాడు. విప్పుతున్నప్పుడు వీడియో తీసి ఉంటే సైటువారి దగ్గర నా మాటకు కొంత విలువ ఉండేదేమో. నేను ఆ ఆత్రంలో అట్టపెట్టెనే చింపేశాను.

ఒక్క విషయంలో తమను మెచ్చుకోవాలి. తమరు ఎక్కడా అబద్ధమాడలేదు. తొడుగు గురించి చెప్పారు, తొడుగు అలాగే ఉంది. గాజు గురించి, రేకుల గురించి, మోటారు గురించి అసలు నోరు విప్పలేదు. ఆ మౌనాన్ని చౌక బేరం ఆశతో నేనే నింపుకున్నాను.

మొన్న దీనిని నేనూ అమ్మకానికి పెడదామని, సగం రాసిన ప్రకటనే పెట్టాను. పది నిమిషాల్లో ఒకాయన సైన్యంలో ఉన్నానని, బదిలీ అయిందని, బేరమాడకుండా కొంటానని క్యూఆర్ కోడ్ పంపాడు. దానిని స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు నా ఖాతాలో పడుతుందట. డబ్బు పుచ్చుకోవడానికి పిన్ అక్కర్లేదన్న జ్ఞానం మాత్రం నాకు ఉండబట్టి బతికిపోయాను. లేకపోతే ఈ లేఖకు బదులు సైబర్ నేరాలవారి 1930కి ఫోను చేసుకుంటూ ఉండేవాణ్ణి.

ఇట్లు,
తమ పాత ఖాతాదారు

తా.క.: ఆ ప్రకటన ఇంకా పూర్తి కాలేదు. ఫంగస్ ఉంది, రేకులకు నూనె ఉంది అని రాశాను. నాలుగు రోజులైనా ఒక్కరూ అడగలేదు. నిన్న రాత్రి ఊరికే 'మింట్' అని కొట్టి చూశాను, 'కండిషన్' అన్న మాటను ఫోనే అందించింది. ఇంకా చెరపలేదు.