ఐదో తారీకు కానుక: వదినా ఆడపడుచుల వాదం

సెప్టెంబరు 3, రాత్రి ఎనిమిదిన్నర. పక్క వీధిలో ఉండే మా చెల్లెలు కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. వస్తూనే "అన్నయ్యా, పాత పెళ్లి పత్రికలుంటే ఇవ్వు" అంది. టీచర్స్ డేకి ఆరుగురు టీచర్లకు చేత్తో చేసిన కానుకలు ఇవ్వాలట. మా ఆవిడ ప్రభుత్వ బడిలో టీచరు, ఇరవై రెండేళ్ల సర్వీసు. నోట్సులు దిద్దుతున్నదల్లా కళ్లజోడు పైనుంచి చూసింది. ఆ తర్వాత జరిగింది విన్నది విన్నట్టు రాస్తున్నాను. నేనెవరి వైపో మీకు తెలిసిపోతే మా ఇంట్లో మాత్రం చెప్పకండి.

వదిన: ఆరుగురికా? రేపొక్క రోజేగా ఉంది! ఏం చేద్దామని?

ఆడపడుచు: బుక్‌మార్కులు వదినా. పెళ్లి పత్రికల అట్ట ఎంత మందంగా ఉంటుందో చూడండి. బంగారు అంచు, వినాయకుడి బొమ్మ ఎలాగూ ఉంటాయి. రెండంగుళాల వెడల్పున పట్టీలు కోసి, పైన చిల్లు పెట్టి, ఎర్రదారం కడితే సరి. ఖర్చు పది రూపాయల ఫెవికాల్ ట్యూబు. 'బెస్ట్ టీచర్' అని రాసిన కప్పు కొందామంటే ఒక్కోటి రెండొందల యాభై చెప్పాడు. ఆరు కొంటే పదిహేను వందలు!

వదిన: కప్పు కన్నా ఇదే నయం, ఒప్పుకుంటాను. కోసేదెవరు?

ఆడపడుచు: నేనే. వాడికి బ్లేడిస్తే చెయ్యి కోసుకుంటాడు.

వదిన: అంటించేది?

ఆడపడుచు: వాడే... అంటే, వాడికిస్తే చొక్కాకి పూసుకుంటాడు. నేనే.

వదిన: వెనకాల పేరు రాసేది?

ఆడపడుచు: వాడి చేతిరాత మీకు తెలియంది కాదుగా!

వదిన: మరి వాడు చేసేదేంటమ్మా?

ఆడపడుచు: ఇస్తాడు.

(మా మేనల్లుడు దివాను మీద పడుకుని నా ఫోనులో ఆట ఆడుకుంటున్నాడు. నాలుగో తరగతి. ఈ గొడవ తన గురించేనని వాడికి తెలిసినట్టు లేదు.)

వదిన: నాకు ఏటా వస్తాయి ఇలాంటి కార్డులు. 'నా జీవితానికి వెలుగు చూపిన గురువర్యులకు' అని ఉంటుంది. ఎనిమిదేళ్ల పిల్ల గురువర్యులంటుందా? లోపల చూస్తే వాళ్లమ్మ రాత. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం చూస్తాను కదా, ఇట్టే పట్టేస్తాను.

ఆడపడుచు: అయితే ఏమీ ఇవ్వకుండా పంపమంటారా? వాట్సాప్ గ్రూపులో తలా మూడొందలు వేసి క్లాస్ టీచరుకి పట్టుచీర పెడదామన్నారు. ఒకళ్లిద్దరు మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో నాకు తెలుసు. ఎవరింట్లో వాళ్లు చేతనైంది చేసి పంపుదామని చెప్పింది నేనే. చేత్తో చేస్తే ఉన్నవాళ్లు, లేనివాళ్లు అన్న తేడా ఉండదు కదా.

వదిన: చీర వద్దన్నావు చూడు, ఆ పని బాగుంది. కానీ తేడా ఉండదన్నావే, అది మాత్రం ఉత్తమాట. మా బడి పిల్లల తల్లుల్లో సగంమంది ఇప్పుడు కలుపు తీతకి పోతున్నారు. పొద్దున పోతే పొద్దుగూకి వస్తారు. డబ్బుల్లేని ఇంట్లో రాత్రి కూర్చుని అట్టలు కత్తిరించే తీరిక మాత్రం ఎక్కణ్నుంచి వస్తుంది?

ఆడపడుచు: అన్నింటికీ ఇలా మెలిక పెడితే ఎలా? గురువుకి ఇచ్చుకోవడం మనకి కొత్తా? దసరాకి పిల్లలు పూల విల్లంబులు పట్టుకుని అయ్యవారితో ఇల్లిల్లూ తిరిగేవాళ్లు కాదూ? అయ్యవారికి ఐదు వరహాలు, పిల్లలకి పప్పుబెల్లాలు!

వదిన: ఆ వరహాలు కానుక కాదమ్మా, ఆయన బతుకుతెరువు. వీధిబడి పంతులికి నాలాగా సర్కారు జీతమెక్కడిది? ఊరివాళ్లు కొలిచే గింజలు, ఇలాంటి పండగ మామూళ్లు, వాటితోనే ఇల్లు గడిచేది. పెట్టకపోతే పస్తే. నాకు జీతం వస్తోంది. పైగా ఎవరి దగ్గర పడితే వాళ్ల దగ్గర కానుకలు పుచ్చుకోకూడదని 1964 నుంచీ మాకు ప్రవర్తనా నియమావళి ఉంది.

ఆడపడుచు: బుక్‌మార్కుకి కూడా నియమావళేనా! సరే, ఈ రోజు ఎవరి పేరున చేసుకుంటున్నాం? రాధాకృష్ణన్‌గారి పేరునేగా.

వదిన: ఆయనేమన్నారు? 1962లో రాష్ట్రపతి అయ్యాక పుట్టినరోజు చేస్తామని వచ్చినవాళ్లతో, నాకెందుకు, టీచర్లందరి పేరున చేయండి అన్నారు. తనకి వద్దన్న మనిషాయన.

ఆడపడుచు: అంతకు ముందు సంగతి కూడా చెప్పండి మరి. 1921లో ఆయన మైసూరు వదిలి కలకత్తా విశ్వవిద్యాలయానికి వెళ్తుంటే విద్యార్థులేం చేశారు? బండిని పూలతో అలంకరించి, గుర్రాలకు బదులు తామే రైల్వే స్టేషను దాకా లాక్కెళ్లారట. పైసా ఖర్చు లేదు. అంతకన్నా చేత్తో చేసిన కానుక ఏముంటుంది? ఇప్పుడు చెప్పండి.

వదిన: బండి లాగింది వాళ్లే కదా? వాళ్లమ్మలు కాదుగా?

(ఇక్కడ నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. మా చెల్లెలు నా వైపు చూసిన చూపుకి లేచి మంచినీళ్లకని వెళ్లి కాసేపాగి వచ్చాను.)

ఆడపడుచు: ఒక్కమాట అడుగుతాను, నిజం చెప్పండి వదినా. ఇన్నేళ్లలో పిల్లలు మీకు చేసిచ్చినవన్నీ ఏం చేశారు?

వదిన: నిజం చెప్పనా? ఐస్‌క్రీం పుల్లలతో చేసిన పెన్‌స్టాండ్లు ఎండాకాలం వచ్చేసరికి ఏ పుల్లకాపుల్ల ఊడొచ్చాయి. కార్డుల మీది చమ్కీలు హాజరుపట్టీకి అంటుకుని ఏడాదంతా మెరిశాయి. థర్మకోలు తాజ్‌మహల్‌ని బీరువా మీద పెడితే ఎలుకలు కొరికాయి. కొన్ని నేనే పారేశాను, పిల్లలు చూడకుండా వేసవి సెలవుల్లో.

ఆడపడుచు: అన్నీ అంతేనా?

వదిన: ఒక్కటి మాత్రం వాడాను. డస్టరు. బడికొచ్చిన చెక్క డస్టరు గుడ్డ అరిగిపోయి, నల్లబల్ల మీద కీచుమని గీసుకునేది. ఓ పిల్లో పిల్లాడో పాత బనీను గుడ్డని ఏడెనిమిది మడతలేసి, చుట్టూ దబ్బనంతో టాకాలేసి, చెయ్యి జారకుండా పైన జీన్సు ముక్క కుట్టి తెచ్చిచ్చారు. ఒక్క తుడుపుకి బల్ల నల్లగా అయ్యేది. శనివారం ఇంటికి తెచ్చి ఉతికి ఆరేసేదాన్ని. రెండేళ్లు వచ్చింది.

ఆడపడుచు: ఎవరిచ్చారు?

వదిన: గుర్తులేదు.

ఆడపడుచు: అయ్యో! రెండేళ్లు వాడి, ఇచ్చినవాళ్ల పేరు గుర్తులేదా? పాపం కదా వదినా!

వదిన: పాపమేముంది? ఆ రెండేళ్లూ అది నా చేతిలోనే ఉండేది, వాళ్లు రోజూ చూసేవాళ్లు.

ఆడపడుచు: అంటే పనికొచ్చే వస్తువు చేస్తే మీకు ఇష్టమేనన్నమాట.

వదిన: పనికి రావడం సంగతి తర్వాత. చెక్క కీచుమన్నప్పుడల్లా నేను పళ్లు నూరుకోవడం ఆ పిల్లలెవరో చూశారు. మీవాడు వాళ్ల టీచర్లని చూశాడా? ఒరే నాన్నా, మీ లెక్కల మేడమ్‌కి ఇబ్బంది పెట్టేదేంట్రా?

మేనల్లుడు ఫోను మీంచి తల ఎత్తలేదు. "పేపర్లు పడిపోతాయత్తా. కవరు చినిగిపోయింది. మొన్న మెట్ల మీద అన్నీ పడిపోతే నేనూ ఇంకొకడూ ఏరిచ్చాం" అన్నాడు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా చెల్లెలు లేచి బీరువా తెరిచి, వరలక్ష్మీ వ్రతానికి వచ్చిన జాకెట్ ముక్కల దొంతర బయటికి లాగింది. అందులో ఒక నీలం ముక్క చూసి "వదినా, ఇది పోయినేడు నేను మీకు తాంబూలంలో పెట్టిందే" అంది. "అంతకుముందు నేను నీకు పెట్టిందే" అంది మా ఆవిడ. కుట్టించుకునే ఉద్దేశం ఎవరికీ లేని ఆ ముక్కకి ఇన్నాళ్లకి ఒక దారి దొరికింది. రెండు పొరలుగా మడిచి, జవాబు పత్రాలు పట్టేలా కొలిచారు. పక్కలు రెండూ కుట్టాలి, మూతి మడవాలి, చేతికి తగిలించుకోవడానికి పాత చీర అంచు ముక్క.

ఆడపడుచు: మిగతా ఐదుగురో?

వదిన: వాళ్లని వాడింకా సరిగ్గా చూసినట్టు లేదు.

ఆడపడుచు: అలాగని వట్టి చేతులతో పంపలేను. వాళ్లకి బుక్‌మార్కులే.

వదిన: నేను వద్దంటే మానేస్తావా ఏంటి?

ఆడపడుచు: మానను.

పత్రికలు వెతికే పని నాకు పడింది. వాడికి సూదిలో దారం ఎక్కించడం నాలుగోసారికి వచ్చింది. పదింపావుకి ఒక పక్క కుట్టడం పూర్తయింది. అంగుళానికో కుట్టు, మధ్యలో ఒకటి వంకరపోయి అంచు దాటేసింది. మా చెల్లెలు రెండుసార్లు చెయ్యి చాపి వెనక్కి తీసుకుంది. మూడోసారి "ఆ ఒక్కటీ విప్పి సరిచేస్తానురా" అని సంచీ అందుకోబోయింది.

మా ఆవిడ ఎర్రపెన్ను ఆపకుండానే "చెయ్యి తియ్" అంది.